అవుటైనోళ్ళు యాడ కూర్చుంటారు? (పండక్కి ఇంట్లో ఆడే ఆటల గురించి)

(సంక్రాంతికి ముందు ఒక ఆదివారం సాయంత్రం తిరుపతిలో మా కాలనీ హాల్లో, స్కూల్లో పీఈటీగా, అంటే ఆటల టీచరుగా చేసి రిటైరైన ఒక మేడం మాట్లాడిన మాటలు ఇవి. రాలేకపోయినోళ్ళు అడిగినారని ఫోన్ రికార్డింగు విని టైపు చేసినాం. తడబాట్లు తీసేసినాం, మిగతాదంతా ఆమె మాట్లాడినట్టే ఉంచినాం.)

అందరికీ నమస్కారం. వెనకాల వినపడతా ఉందా? ఉందా? సరే, ఆ మైకు పక్కన పెట్టేయండి, గ్రౌండులో అరిచిన గొంతు ఇది, దీనికి మైకెందుకు.

నన్ను పిలిచినప్పుడు ఏం చెప్పినారంటే, మేడం, పండక్కి ఇంటినిండా జనం వస్తారు, బెంగళూరు నుంచి చిన్నాయనోళ్ళు, చెన్నై నుంచి అత్తోళ్ళు, మద్దేనం తిన్నాక అందరూ తలా ఒక మూల ఫోను పట్టుకోని కూర్చుంటారు, ఏమైనా ఆటలు చెప్పండి అన్నారు. ఆటలు చెప్పేదానికి నేనెందుకమ్మా? యూట్యూబులో కొడితే వంద వస్తాయి. గ్లాసుల మీద గ్లాసులు పేర్చేది, స్పూన్లో నిమ్మకాయ మోసేది, కళ్ళకి గంతలు కట్టి బొట్టు పెట్టేది, అబ్బో. ఆటలకి కొరతేం లేదు. ఆ వందలో మీ ఇంటికి ఏది పనికొస్తుంది, ఏది పనికిరాదు, అది తేల్చుకునేదే కష్టం. నేను చెప్పేది ఆ ఒక్కటే.

నేను ఏ ఆటనైనా ఒక్క ప్రశ్న అడుగుతా. ఏంటది? ఈ ఆటలో అవుటైనోళ్ళు యాడ కూర్చుంటారు, ఏం చేస్తారు? అంతే. గెలిచినోళ్ళ సంగతి మనకొద్దు, వాళ్ళు ఎట్లాగూ సంతోషంగానే ఉంటారు. అవుటైనోళ్ళ సంగతి చెప్పండి.

మ్యూజికల్ ఛైర్స్ తీసుకుందాం. అందరి ఇళ్ళలో మొదట ఆడేది అదే కదా? ఇరవై మందితో మొదలుపెట్టినారు. రౌండుకి ఒకరు అవుటు. పది రౌండ్లు అయ్యేసరికి సగం మంది గోడకి ఆనుకోని నిలబడి ఉంటారు, ఇంకో ఐదు రౌండ్లకి వాళ్ళు ఫోన్లలోకి పోయుంటారు, ఆఖర్న ఇద్దరు పిల్లోళ్ళు ఒక కుర్చీ చుట్టూ తిరగతా ఉంటే చూసేవాళ్ళు ఎవరు? వాళ్ళ అమ్మలు, వీడియో తీసేదానికి. సరే, మరి మొదట అవుటయ్యేది ఎవరు, చెప్పండి? ఆ, మోకాళ్ళ నొప్పులున్న పెద్దమ్మ. కరెక్టే. ఇంకా? నాలుగేళ్ళ పాప. ఇంకా? పట్టుచీర కట్టుకోని పరిగెత్తలేని కొత్త కోడలు. అంటే ఎవర్ని కలుపుకోవాలని ఆట పెట్టినామో వాళ్ళనే మొదట బయటికి తోసేసినాం. ఇంక దాన్ని కుటుంబం ఆట అని ఎట్లా అంటాం?

అదే కబడ్డీ చూడండి. టీముకి ఏడుమంది. అవుటైనోడు బయట లైన్లో కూర్చుంటాడు గానీ, వాడి టీము అవతలోణ్ణి ఒకణ్ణి అవుట్ చేస్తే వీడు మళ్ళీ లోపలికొస్తాడు. అందుకని బయట కూర్చున్నోడే అందరికన్నా ఎక్కువ అరస్తాడు, పట్టు పట్టు అని, ఎందుకంటే వాడి బతుకు లోపలున్నోళ్ళ చేతిలో ఉంది. అష్టాచెమ్మా కూడా అంతే కదా. చచ్చిన కాయ యాడికి పోతుంది? ఇంటికి పోతుంది, మళ్ళీ పందెం పడితే బయలుదేరుతుంది. మన పాత ఆటల్లో శానావాటికి ఈ తిరిగొచ్చే దారి ఉంది, మీరు ఒకసారి ఆలోచించుకోండి.

అట్లాగని మ్యూజికల్ ఛైర్స్ మానేయమని నేను అనను. పిల్లోళ్ళు ఒప్పుకోరు కూడా. చిన్న మార్పు చేయండి. మొదట అవుటైనోళ్ళకి పాట పెట్టే ఫోను ఇచ్చేయండి, పాట ఎప్పుడు ఆపాలో ఆ పెద్దమ్మే ఆపుతుంది. రెండో అవుట్ వచ్చినాక ఫోను వాళ్ళకి. మూడోవాళ్ళు జడ్జి, ఎవరు ముందు కూర్చున్నారో తీర్పు చెప్పేది. అప్పుడు చూడండి, ఆ పెద్దమ్మ తనని అవుట్ చేసిన మనవడు కుర్చీకి సరిగ్గా దూరంగా ఉన్నప్పుడే పాట ఆపుతుంది!

ఇంకొకటి చెప్పాలి, కొంచెం మొహమాటమైన విషయం, అయినా చెప్తా. ఫారిన్ వీడియోల్లో కుర్చీలు తీసేస్తా మనుషుల్ని మాత్రం ఉంచుతారు, ఒకరి ఒళ్ళో ఒకరు కూర్చోవాల. బాగానే ఉంటుంది, స్నేహితుల మధ్య. మన ఇళ్ళల్లో మామగారి ముందర కోడలు కాళ్ళు చాపి కూర్చోదు, ఇంక ఈ ఆటలేంది? నోటితో బిస్కెట్ అందించేది, బెలూన్ ఇద్దరి మధ్య పెట్టుకోని నడిచేది, ఇట్లాంటివి చీటీలో ఎవరికి ఎవరు జత పడతారో మనకి తెలీదు. బావా మరదళ్ళు అయితే అందరూ నవ్వుతారు, వదినా మరదళ్ళైతే ఇంకా నవ్వుతారు, మామా కోడళ్ళు పడితే? హాలంతా గమ్మున అయిపోతుంది. కాబట్టి ఒకరినొకరు ముట్టుకునే ఆటలు పిల్లోళ్ళ వరకే పెట్టుకోండి.

టీములు. టీములు చేసేటప్పుడు అమ్మ తరఫు, నాయన తరఫు అని మాత్రం విడగొట్టొద్దండి, దండం పెడతా. ఆట అరగంటలో అయిపోతుంది, ఆ మాటలు మాత్రం వచ్చే పండగ దాకా ఉంటాయి. మగోళ్ళు ఆడోళ్ళు అని కూడా వద్దు, పెద్దోళ్ళు చిన్నోళ్ళు అని అసలే వద్దు. చీటీలేయండి. చీటీల్లో పేర్లు రాయకుండా ఏదైనా రాయండి, అరిసెలు, ఓళిగలు, మురుకులు, కజ్జికాయలు అని నాలుగు టీములు. మొగుడూ పెళ్ళాం ఒకే టీములో పడితే మార్చేయండి, ఎందుకంటే వాళ్ళిద్దరే మాట్లాడుకుంటారు, లేదంటే వాళ్ళిద్దరే కొట్లాడుకుంటారు, మిగతావాళ్ళకి చాన్సు రాదు. నవ్వుతా ఉండారు చూడండి ఆ మూడో వరసలో, వాళ్ళకి అర్థమైంది.

ఇప్పుడు టైము. భోగి రోజు తెల్లారుజామునే లేచుంటారు, సంక్రాంతి రోజు పూజలు, పెద్దలకి బట్టలు పెట్టుకునేది, తీరిక ఉండదు. కనుమ రోజు పొద్దున మగపిల్లోళ్ళు సగం మంది చంద్రగిరి దగ్గర రంగంపేటకి పశువుల పండక్కి పోయుంటారు, ఎద్దుల కొమ్ములకి కట్టిన పలకలు పట్టుకునేదానికో, మిద్దెలెక్కి చూసేదానికో. కాబట్టి కనుమ మద్దేనం తర్వాతే అందరూ దొరికేది. అప్పుడు కడుపులో ఏముంటుంది? రాగిసంగటి, నాటుకోడి పులుసు, వడలు. ఆ కడుపుతో పరిగెత్తమంటే పరిగెత్తుతారా? నేను డ్రిల్లు టీచర్ని, నేనే చెప్తా ఉండా, తిన్నాక రెండు గంటలు ఎవర్నీ పరిగెత్తించొద్దు. కూర్చోని ఆడేవి మద్దేనం, మిద్దెమీద ఆడేవి నాలుగున్నర తర్వాత, అరిచేవి రాత్రికి. పైగా మనది తిరుపతి. వచ్చిన చుట్టాలు పండక్కే వచ్చినా కొండకి పోకుండా పోరు. క్యూలో నిలబడి నిలబడి అర్ధరాత్రి కొండ దిగినోళ్ళని, గుండుకి గంధం ఆరక ముందే లేపి ఆటకి రమ్మంటే వస్తారా? వాళ్ళని పడుకోనీయండి.

కూర్చోని ఆడేదాంట్లో తంబోలాని మించింది నాకైతే కనపడలేదు. హౌసీ అంటారు కదా, అదే. ఎందుకు? మన ప్రశ్నకి దాని జవాబు చూడండి, ఫుల్ హౌస్ అయ్యేదాకా అందులో అవుట్ అయ్యేవాళ్ళే లేరు. టికెట్లో మూడు వరసలు, తొమ్మిది నిలువు గళ్ళు, మొత్తం ఇరవై ఏడు గళ్ళల్లో పదిహేను నంబర్లు, వరసకి ఐదు. ఒకటి నుంచి తొంభై దాకా నంబర్లు చదువుతా పోతారు, మీ టికెట్లో ఉంటే కొట్టేస్తా పోవాల, ముందుగా ఐదు నంబర్లు కొట్టినోళ్ళకి ఎర్లీ ఫైవ్, పై లైను ఒకరికి, మధ్య లైను, కింద లైను, ఆఖర్న టికెట్ మొత్తం కొట్టినోళ్ళకి ఫుల్ హౌస్. ఐదేళ్ళ పిల్లకీ డెబ్బై ఏళ్ళ తాతకీ ఒకటే చాన్సు, తెలివితేటలతో పనిలేదు. రకరకాల వయసులోళ్ళు ఉన్న ఇంట్లో అదృష్టం ఆటలు కొన్ని ఉండాల్సిందే. వైకుంఠ ఏకాదశి జాగారానికి పెద్దోళ్ళు పరమపద సోపానపటం ఎందుకు పరిచేవాళ్ళు అనుకుంటారు? పాము నోట్లో పడితే అవ్వైనా ఒకటే, మనవడైనా ఒకటే.

కానీ తంబోలాని చప్పగా కూడా చేయొచ్చు. నలభై రెండు, పదిహేడు, ఎనభై ఒకటి అని బ్యాంకులో టోకెన్ నంబర్లు పిలిచినట్టు పిలిస్తే పది నిమిషాల్లో అందరూ ఆవలిస్తారు. పిలిచేవాళ్ళని బట్టే ఆట. నంబరు చెప్పకుండా పొడుపు చెప్పాల. ఇప్పుడు నేను చెప్తా, మీరు నంబరు చెప్పండి. కొండలెన్ని? ఏడు! పాండవులు? ఐదు. నక్షత్రాలు? ఇరవై ఏడు, కరెక్టు. కాళహస్తి దేవుడి కళ్ళు? ముక్కంటి, మూడు. రాముడి వనవాసం? పద్నాలుగు. శబరిమల మెట్లు? పద్దెనిమిది. షష్టిపూర్తి? అరవై. కళలు? అరవై నాలుగు. చూసినారా, ఎవరూ ఫోను తీయలా! అదే పిల్లోళ్ళకి పిలిచే చాన్సు ఇస్తే ఏడుకి కొండలు అనరు, ధోనీ అంటారు. పద్దెనిమిదికి కోహ్లీ అంటారు. అప్పుడు అవ్వ అడుగుతుంది, కోహ్లీ ఎవర్రా, అయ్యప్ప మెట్లు కదా అని. ఆ వాదన ఉంది చూడండి, టికెట్లో నంబరు కొట్టేదానికన్నా అదే బాగుంటుంది. అందుకని పది నంబర్లకి ఒకసారి పిలిచేవాళ్ళని మార్చండి.

అంత్యాక్షరి గురించి చెప్పమంటారా? చెప్తా. మన జిల్లాలో దానికి ఒక చిక్కుంది. చెన్నైలో పెరిగిన పిల్లోళ్ళకి తెలుగు పాటలు రావు, బెంగళూరు పిల్లోళ్ళకి సగం వస్తాయి, ఇక్కడోళ్ళకి తమిళ పాటలూ వస్తాయి. ఆఖరి అక్షరం అంటే ఏ భాష అక్షరం? పైగా పాట ళ తోనో ణ తోనో ఆగితే ఆడనే పంచాయితీ. దానికి ల, న అనుకోమని ముందే చెప్పేయండి. ఇంకా మంచి పద్ధతి, అక్షరం వదిలేసి మాట ఇవ్వండి. వాన. వాన అనే మాట వచ్చే పాట ఏ భాషలో అయినా సరే, ఒక టీము తర్వాత ఒక టీము పాడుతూ పోవాల. చెన్నై పిల్లోడు మళై పాట అందుకుంటాడు, బెంగళూరు పిల్ల మళె పాట అందుకుంటుంది, మన మామ పాత వాన పాట ఎత్తుకుంటాడు, పూర్తిగా పాడేదాకా వదలడు, అది వేరే సంగతి. రెండు లైన్లకి ఆపమని చెప్పేదానికి ఒక గంట పెట్టుకోండి, పూజగదిలో గంట కాదు, ఏదైనా స్టీలు ప్లేటు.

ఆ, అడగండమ్మా. ఫోన్లు లాక్కోవాలా? లాక్కోవద్దండి. లాక్కుంటే వాళ్ళ మనసంతా ఆ ఫోను పెట్టిన బీరువా మీదే ఉంటుంది. పని చెప్పండి. ఒకడి ఫోను స్పీకరు, ఒకడిది టైమరు, ఒకమ్మాయిది స్కోరు బోర్డు. ఎక్కువ ఫోను చూసేవాడికే ఎక్కువ పని.

సరే, సాయంత్రం మిద్దెమీదికి పోదాం. ఇది నాకు బాగా ఇష్టమైంది, ఓపిగ్గా వినండి. పులిజూదం ఎంతమందికి తెలుసు? చేతులెత్తండి. పర్లేదే, పెద్దోళ్ళందరికీ తెలుసు. మేకా పులి అంటారు కొందరు. మూడు పులులు, పదిహేను మేకలు. పాత గుళ్ళకి పోయినప్పుడు మండపం బండల మీద గీతలు చెక్కి ఉంటాయి, చూసినారా? అవే. పులి మేక మీద నుంచి దూకితే మేక పోయినట్టు, మేకలన్నీ కలిసి పులి కదలకుండా చుట్టుముడితే మేకలు గెలిచినట్టు. మామూలుగా ఇద్దరు కూర్చోని ఆడతారు, చింతగింజలూ రాళ్ళూ పెట్టుకోని. పండక్కి ఎట్లాగూ ముగ్గుపిండి ఉంటుంది కదా? మిద్దెమీద ఆ పటం పెద్దగా గీసేయండి, ఇరవై మూడు చోట్ల గీతలు కలుస్తాయి, ఆ కలిసిన చోట మనిషి నిలబడేంత. ఇప్పుడు మనుషులే కాయలు. పులులు ముగ్గురూ చిన్నపిల్లలు, మేకలు పెద్దోళ్ళు. తిప్పి చెప్తాలేదు, అట్లాగే పెట్టండి, ఆరేళ్ళ పిల్ల పులై వాళ్ళ పెదనాయన్ని తినేస్తే ఎట్లా ఉంటుందో మీరే చూస్తారు. కదిపేది ఎవరు? పులులకి ఒక కెప్టెను, మేకలకి ఒక కెప్టెను, మోకాళ్ళ నొప్పులున్నోళ్ళు కుర్చీలో కూర్చోని పిలస్తారు, రెండో మేక ముందుకి రా, నువ్వు కదలొద్దు అని. మేకలు ఒక్కొక్కటే పటంలోకి వస్తాయి, పదిహేనూ వచ్చినాకే కదిలేది, అది అసలు రూలే.

మరి తినేసిన మేక? అదీ అడగాల్సింది! తినేసిన మేక పోయి పులుల కెప్టెను పక్కన నిలబడుతుంది, పులులకి సలహాలు ఇస్తుంది. ఇది నేను కలిపిన రూలు, పాతది కాదు. ఇప్పటిదాకా మేకల ప్లానంతా విన్నోడు కదా, పోయి మొత్తం చెప్పేస్తాడు. ఇంక గోల గోల. జనం తక్కువుంటే మేకల చోట కుండీలు పెట్టుకోండి, బకెట్లు పెట్టుకోండి. పిట్టగోడ లేని మిద్దె మీద మాత్రం వద్దు, కింద వాకిట్లో గీసుకోండి.

రాత్రికి వేషాలు. మన ఊరోళ్ళకి వేషాల గురించి ఎవరైనా నేర్పాలా? మే నెల వస్తే తాతయ్యగుంట గంగమ్మ జాతరలో బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, రోజుకొకటి. మగోళ్ళు చీర కట్టి జడేసుకోని పొంగళ్ళకి పోయే ఊరు మనది. జాతరలో వేషం కట్టినోళ్ళు తిట్టినా ఎవరూ కోపం తెచ్చుకోరు కదా, వేషం అనే ఒప్పందం ముందే ఉంది కాబట్టి. ఇంట్లో ఆడేటప్పుడు కూడా ఆ ఒప్పందం ముందే చేసుకోవాల. డమ్ షరాడ్స్ అని సినిమా పేర్లు చేస్తారు కదా, అందులో మళ్ళీ వయసు గోడ వస్తుంది, తాతకి తెలిసిన సినిమా పిల్లోళ్ళకి తెలీదు. దాని బదులు ఇంట్లోవాళ్ళనే చేయండి. చీటీలో పేరుండదు, పని ఉంటుంది. చిన్నాయన స్కూటర్ స్టార్ట్ చేసేది. అవ్వ సీరియల్ చూస్తా విలన్ని తిట్టేది. అత్త కూరగాయల బేరం. మాట్లాడకుండా చేసి చూపించాల, టీము కనుక్కోవాల. ఇక్కడ అవుటే లేదు, పైగా ఎవర్ని చేస్తా ఉండారో వాళ్ళే అందరికన్నా ముందు కనుక్కోని లేచి, ఒరే అట్లా కాదురా నేను చేసేది అని వాళ్ళే చేసి చూపిస్తారు.

హద్దు ఏంటంటే, అలవాట్లు చేయండి, ఒళ్ళు చేయొద్దు. కుంటి కాలు, లావు, రంగు, వినపడని చెవి, వీటి జోలికి పోవద్దు. కొత్త అల్లుణ్ణీ కొత్త కోడల్నీ మొదటి సంవత్సరం వదిలేయండి, వాళ్ళకి ఇంకా ఎవరు నవ్వుతా అంటారో ఎవరు మనసులో పెట్టుకోని అంటారో తెలీదు. ఆ సంవత్సరం చనిపోయినోళ్ళ అలవాట్లు ఎవరైనా చేయబోతే మాత్రం ఆపొద్దు. కొందరు ఏడుస్తారు. ఏడవనీయండి.

ప్రైజుల గురించి ఒక్క మాట. డబ్బులు వద్దు, పేకాట వాసన వస్తుంది. లడ్డూ పెడదాం అని ఎవరో అంటారు మన ఊళ్ళో, వద్దు, ప్రసాదం గెలుచుకునేది కాదు, అందరికీ పంచేది. స్టీలు డబ్బా, ఊరగాయ సీసా, పిల్లోళ్ళకి పెన్నులు, ఇట్లాంటివి చాలు. లేదంటే, ఓడిన టీము గెలిచిన టీముకి రాత్రి అన్నం వడ్డించాల. ఇందులో మగోళ్ళు ఉండే టీము ఓడితే ఇంకా బాగుంటుంది, అది నా సొంత అభిప్రాయం, రాసుకోవద్దు.

ఆఖరిది. మీలో కాలేజీ పిల్లోళ్ళు ఉండారు, మాఫియా ఆట తెలుసు కదా? 2020లో అందరూ ఫోన్లలో అమంగ్ అస్ అనే ఆట ఆడినారే, దానికి అమ్మమ్మ ఇది. 1980ల్లో మాస్కో యూనివర్సిటీలో దిమిత్రీ డేవిడాఫ్ అనే సైకాలజీ స్టూడెంటు తయారుచేసినాడు. వస్తువులేం అక్కర్లేదు, చీటీలు చాలు. మాఫియా, హత్య అంటే పండగపూట పెద్దోళ్ళకి నచ్చదు, అరిసెల దొంగలు అనండి. ఇద్దరు దొంగలు, ఒక పోలీసు, మిగతావాళ్ళు ఇంటోళ్ళు. రాత్రి అయింది అంటే అందరూ కళ్ళు మూసుకోవాల, దొంగలు మాత్రమే కళ్ళు తెరిచి, ఎవరి డబ్బాలో అరిసెలు కొట్టేయాలో వేలు చూపిస్తారు. మళ్ళీ మూసుకుంటారు. అప్పుడు పోలీసు కళ్ళు తెరిచి ఒకర్ని చూపిస్తే, ఆట నడిపేవాళ్ళు దొంగా కాదా అని తలూపి చెప్తారు. తెల్లారింది అంటే అందరూ లేచి, అరిసెలు పోయినోళ్ళు అవుటు, మిగతావాళ్ళు దొంగ ఎవరని వాదించుకోని ఒకర్ని ఓటేసి బయటికి పంపాల. దొంగలిద్దరూ దొరికితే ఇంటోళ్ళు గెలిచినట్టు, దొంగలూ ఇంటోళ్ళూ సమానమైతే దొంగలు గెలిచినట్టు.

మీరు అడుగుతారు, మేడం, ఇందులో అవుట్ అయిపోతారు కదా, తిరిగి రారు కదా, మీ లెక్క ప్రకారం ఇది పనికిరాదు కదా అని. అడగండి, అడగాల్సిందే. అవుటైనోళ్ళు ఆ తర్వాత రాత్రి కళ్ళు మూసుకోరు. వాళ్ళకి దొంగ ఎవరో కనపడిపోతుంది, నోరు మాత్రం తెరవకూడదు. ఆ దొంగ పక్కనే కూర్చోని, నేను కాదు అవ్వా, నీ మీద ఒట్టు అంటా ఉంటే, వీళ్ళు నోరు మూసుకోని నవ్వు ఆపుకోలేక చస్తారు. అవుటైనోళ్ళకే ఎక్కువ మజా. కాకపోతే ఎనిమిది మందికి తక్కువుంటే బాగుండదు, పదిహేను దాటితే వాదన తేలదు.

నోటితో చెప్తే అర్థం కాదు గానీ, టైముంది కదా మనకి? ఆ కుర్చీలు గుండ్రంగా జరపండి. పన్నెండు మంది రండి. పెద్దాయనా, మీరు కూడా, ఆ చప్పట్లు కొట్టినోళ్ళందరూ రండి. పెన్నెవరి దగ్గరుంది? చీటీ చూసినాక మడిచి పెట్టేయండి, పక్కనోళ్ళకి చూపించొద్దు, దొంగ వచ్చినోళ్ళు మొహం మార్చొద్దు. అమ్మణ్ణీ, నువ్వు అప్పుడే మార్చేసినావు, నీ చీటీ ఇటియ్యి, ఇంకోటి తీసుకో. అయిందా అందరికీ? సరే, రాత్రి అయింది, కళ్ళు మూసుకోండి.